అలిసొచ్చినవాడికి కసరత్తు

నా ఉద్యోగం మనుషులకు చెమట పట్టించడం. జీతమిచ్చి నన్ను పంపించిన చోట అందరికీ అప్పటికే చెమట పట్టి ఉంది. నౌకరీ మొత్తంలో నేను పడిన అయోమయమంతా ఈ రెండు వాక్యాల మధ్యనే ఉంది.

ఈమధ్య డ్రిల్లు మాస్టర్లుగా చేరుతున్న కుర్రవాళ్ళు కొందరు మా ఇంటికి వచ్చి, బస్తరు సంస్థానం రోజుల్లో ఎట్లా నేర్పేవారండీ అని అడుగుతున్నారు. ఏ హోదాలో చేరాను, ఏ హోదాలో దిగిపోయాను అన్నది వాళ్ళకు చెప్పను. హోదా వల్ల ఎవరికీ కండ పెరగదు. నాకు బొజ్జ పెరిగింది, అంతే. జోగా సంగతి మాత్రం చెబుతాను. అది చెప్పేటప్పుడు కూడా, ఇందులో నీతి ఏమిటని అడగవద్దని ముందే బతిమాలుకుంటాను.

తుప్పు వేరు, అరుగుడు వేరు

మాది విజయనగరం దగ్గరి పల్లె. దండీలు, బస్కీలు, సంగిడి రాయి ఎత్తడం, కర్రసాము, అన్నీ మా ఊరి గరిడీలో, అంటే సాముశాలలో, నేర్చుకున్నాను. మా గరిడీకి వచ్చేవాళ్ళు తిని కూర్చునే ఇళ్ళ పిల్లలు. వాళ్ళ ఒంట్లో ఉన్నది తుప్పు. కసరత్తుతో వదిలేది. జగదల్‌పూర్‌లో సిపాయిలకు నేర్పినప్పుడూ అంతే. గేటు దగ్గర నిలబడి నిలబడి బిగుసుకుపోయినవాళ్ళు వాళ్ళు. వంచితే వంగారు, నాకు పేరొచ్చింది.

ఆ పేరే నన్ను దోర్నపాల్ అడవి నాకాకు తోసింది. నాకా అంటే కలప బళ్ళను ఆపి తనిఖీ చేసే చోటు. అక్కడి గార్డులు తెల్లారి లేచి అడవిలో పడి, పొద్దుగూకేదాకా నడుస్తారు. వాగులు దాటుతారు, గుట్టలెక్కుతారు, దొంగ గొడ్డలి చప్పుడు వినిపిస్తే పరుగెత్తుతారు. ఇంటికొచ్చి పొలంపని చూసుకుంటారు. వాళ్ళ ఒంట్లో తుప్పు లేదు, అరుగుడు ఉంది. అరిగినదాన్ని ఇంకా రుద్దమని నన్ను పంపారు.

మొదటిరోజు నేను గార్డులను వరసగా నిలబెట్టి, కసరత్తు వల్ల ఆకలి బాగా వేస్తుందని ఉపన్యాసం ఇచ్చాను. వెనక వరసలోంచి ఒకడన్నాడు: "మాకు ఆకలి మస్తుంది మాస్టరూ. అన్నం పెరిగేటి కసరత్తు ఉంటే చెప్పు."

కొత్తవాళ్ళకు నా మొదటి సలహా: మీ ఉపన్యాసం ఇంట్లోనే పెట్టి వెళ్ళండి.

రాయి ఎందుకొచ్చింది

నన్ను పంపమని ఆజ్ఞ ఇచ్చిన రేంజి దొరను, అంటే ఆ అడవుల అధికారిని, వెర్రివాడని అనడం సులువు. మేమంతా అన్నాం కూడా. బయటి నుంచి వచ్చిన మనిషి. పొద్దున్నే స్ప్రింగు పట్టుకుని కండలు పిండి, టీ తాగి, ఆపైన రోజంతా కుర్చీలో ఉండేవాడు. అందరూ అట్లాగే ఉంటారని అతని నమ్మకం.

కాని ఆజ్ఞకు కారణం వెర్రిది కాదు. శబరి ఒడ్డున కలప డిపోలో ఒక టేకు దూలం దొర్లి ఒక గార్డు కాలి మీద పడింది. చుట్టూ గార్డులు ఉన్నారు. రోజంతా నడిచినా రొప్పనివాళ్ళు. అందరూ కలిసి పట్టినా దూలం కదల్లేదు. బండివాళ్ళు ఎద్దులను తోలుకొచ్చేసరికి ఆ మనిషి కాలు పనికిరాకుండా పోయింది. అప్పుడు దొరన్నాడట: "వీళ్ళకు నడక ఉంది, పట్టు లేదు." నా అభిప్రాయం అడిగితే ఆ మాట నూటికి నూరుపాళ్ళు నిజం. నడక బలం వేరు, ఎత్తుడు బలం వేరు. ఒకటి ఉందని రెండోది ఉండదు.

కాబట్టి శబరిలోంచి ఒక గుండ్రటి రాయిని తెప్పించాడు. తన ఎదుటే దాని మీద ఉలితో గుర్తు కొట్టించి నాకా వాకిట్లో పెట్టించాడు. తాను తనిఖీకి వచ్చేనాటికి ప్రతి గార్డూ ఆ రాయిని నేల మీంచి రొమ్ముదాకా ఎత్తాలి. ఎత్తలేనివాడు నడుం బెల్టూ ఇత్తడి బిళ్ళా అక్కడే విప్పి పెట్టి వెళ్ళిపోవాలి.

మిగతావాళ్ళు ఎట్లాగో కొట్టుమిట్టాడి ఎత్తారు. జోగా దగ్గర వచ్చింది చిక్కు.

జోగా బిళ్ళ

జోగా దోర్ల తెగ మనిషి, సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. నాకాలో అతనిదే అన్నిటికన్నా దూరపు తిరుగుడు, కిష్టారం వైపు అడవి. ఆ బిళ్ళ అతనికి అలంకారం కాదు. సంస్థానంలో వెట్టి ఉండేది. ఏ అధికారి ఊరిమీదికి వచ్చినా అతని పెట్టెలూ, మంచాలూ, వంటసామానూ ఊరివాళ్ళు కావళ్ళలో మొయ్యాలి. కూలి లేదు, కాదనడం లేదు. బిళ్ళ ఉన్నవాణ్ణి మాత్రం వెట్టికి పిలవరు.

జోగా తండ్రి భీమయ్య వయసంతా వెట్టి కావడి మోశాడు. కుడిభుజం మీద గుమ్మడిపిందె అంత కాయ కాసింది. చెయ్యి పైకి లేవదు. ముద్ద ఎడమచేత్తో తింటాడు. జోగా నాకు తండ్రి భుజాన్ని ఒకసారి చూపించాడు, దేవుడి గదిలో పటం చూపించినట్టు.

"బిళ్ళ పోతే నా భుజం గిట్లనే అయితది మాస్టరూ," అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

జోగా రాయిని ఎత్తలేకపోవడం చూస్తే నాకు మొదట నవ్వొచ్చింది. కావడి మోసే జాతి కదా, రాయి ముందు గొంతుక్కూర్చుని దానికింద భుజం దూర్చబోయేవాడు! కావడిని చేతులతో ఎత్తరు. కూర్చుని, బద్దకింద భుజం పెట్టి, తొడల బలంతో లేస్తారు. గుండ్రాయికి కిందేముంది భుజం పెట్టడానికి? ఉన్నది నేల. అతను నేలకు భుజం ఆనించి, ఊరంతా తనమీదికి ఎక్కినట్టు మూలిగేవాడు. చేతులతో పట్టమంటే వేళ్ళు జారేవి. నడుం విల్లులా వంగేది. ఆ విల్లునుంచి బాణంలా నా ప్రాణం పోయేది.

ఎప్పుడు చెయ్యాలి?

ఎట్లా చెయ్యాలో నాకు తెలుసు. ఎప్పుడు చెయ్యాలన్నదే ఈ వృత్తిలో అసలు ప్రశ్న. దానికి జవాబు ఏ గరిడీలోనూ చెప్పలేదు.

మొదట సాయంత్రం అన్నాను. జోగా అడవి నుంచి వచ్చి, చేతులు నేలకానించి దండీకి దిగాడు. దిగినవాడు లేవలేదు. వంగి చూస్తే చెంప మట్టికి ఆనించి గుర్రు పెడుతున్నాడు. నేను తలపాగా విప్పి కప్పి, ఈరోజుకు ఒక్క దండీ అని లెక్కేసుకున్నాను. పూర్తిగా ఒకటి కూడా కాదు, దిగుడు ఒక్కటే.

సరే, పొద్దున చేద్దాం అన్నాను. పొద్దున బస్కీలు బాగానే తీశాడు. ఆపైన అడవికి పోతే గుట్ట ఎక్కడానికి తొడలు సహకరించలేదు. దారిలో కూలబడ్డాడు. ఆ పూట అతని అడవిలో ఎవరో చెట్టు కొట్టుకుపోయారు. ముఖద్దం అని మేము పిలిచే పెద్దగార్డు నన్ను పిలిచి, "మాస్టరుగారూ, మీరు దొంగల పక్షమా?" అని మర్యాదగా అడిగాడు.

మధ్యాహ్నం అడవిలోనే చెయ్యమన్నాను. ఖాళీ కడుపుతో చేసి వాంతి చేసుకున్నాడు.

అతని భార్య ఉంగి ఒకరోజు నెత్తిన నీళ్ళకుండతో పోతూ పోతూ నా ముందు ఆగింది. కుండ దించలేదు. దించకుండానే తిట్టింది.

"ఏంది మాస్టరూ, నా మొగనికి బలం నేర్పుతానవా, ఉన్నది గుంజుకుంటానవా? నువ్వు రాకముందు ఇంటికొచ్చి పొయ్యిల కట్టెలన్న కొట్టేటోడు. ఇప్పుడు పీట మీద కూసుంటే పీటే లేపాలె."

"కొన్నాళ్ళు ఓపిక పట్టమ్మా, కండ వస్తుంది."

"ఎక్కడికెళ్ళి వస్తది? అంబలి తాగుతాండు. అంబలిల నుంచి అంబలి వస్తది గని, కండ ఎట్ల వస్తది?"

ఆమె అడిగిన తీరులోనే జవాబు ఉంది. అప్పటినుంచి పద్ధతి మార్చాను. దూరపు తిరుగుడు ఉన్న రోజుల్లో కసరత్తు బందు. దగ్గరి తిరుగుడు రోజునా, సంత రోజునా మాత్రమే రాయి. పట్టినా కాసేపే, బాగా బరువుగా, ఒంట్లో ఇంకా సత్తువ ఉండగానే ఆపెయ్యడం. ఎండుచేపలూ పప్పూ నా వంటింట్లోంచి ఉంగికి వెళ్ళేవి. దండీలు మానిపించాను. రోజంతా నడిచేవాడికి బస్కీలెందుకని అవీ మానిపించాను. ఇక మిగిలింది రాయీ, దాన్ని పట్టే వేళ్ళూ, నిలబెట్టే నడుమూ.

అలిసినవాడికి కసరత్తు నేర్పడమంటే ముందు ఏది మానాలో తేల్చడం. నాకు నిజంగా తెలుసని చెప్పగలిగిన మాట ఇదొక్కటే. రాయి మోకాలుదాకా వచ్చింది. తర్వాత తొడదాకా. అక్కడ ఆగింది. తనిఖీ దగ్గరపడుతోంది.

బొట్టు

మా గరిడీలో ఒక ఆచారం. మంగళవారం పూట పనిముట్లకు నీళ్ళు చల్లి బొట్టు పెడతాం. గదకూ పెడతాం, రాయికీ పెడతాం. రాయి తొడ దగ్గర ఆగిపోయిందన్న దిగులుతో నేను ఆ మంగళవారం దానికి ఇంత పసుపు పూసి, ఇంత కుంకుమ పెట్టి, ఒక మందారపువ్వు ఉంచాను. మర్నాడు పనిమీద జగదల్‌పూర్ వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి రాయి మీద తాటాకు పందిరి ఉంది. చుట్టూ అలికి ముగ్గేసి ఉంది. ముందు కోడి ఈకలు ఉన్నాయి. సాము రాయి సామి రాయి అయిపోయింది.

"ఏమిటి జోగా ఇది?"

"నువ్వే గద బొట్టు పెట్టినవు," అన్నాడు జోగా, నాకన్నా ఎక్కువ అయోమయంతో. "నువ్వు పెట్టి పోతివి. మరి దీపం ఎవరు పెట్టాలె, కోడి ఎవరు కొయ్యాలె? ఊరోళ్ళే చూస్కున్నరు."

"అది మా ఊరి పద్ధతయ్యా. పనిముట్టుకు మర్యాద చెయ్యడం."

"మర్యాద చేసినంక మెడలు వట్టి లేపుతారా మీ ఊళ్ళె?"

లేపుతాం. నిజానికి మా ఊళ్ళో అదే చేస్తాం. కాని అతను అడిగేదాకా అది వింతగా ఉందని నాకెప్పుడూ తోచలేదు.

బొట్టు కడిగేస్తానన్నాను. ఊరి వడ్డె, అంటే దేవర పనులు చూసే పూజారి, ఎర్రయ్య తాత, అప్పుడే అక్కడికి వచ్చాడు. "బొట్టు తుడుస్తవా? ఎవరు సచ్చిండ్రని?" అన్నాడు. వేరే రాయి తెస్తానన్నాను. దొర ఉలిగుర్తు ఉన్నది ఇదే. గుర్తు లేని రాయిని ఎత్తితే ఎత్తినట్టు కాదని పెద్దగార్డు తేల్చి చెప్పాడు.

అట్లా, తనిఖీ ముందు రోజులన్నీ జోగా రాయిని ముట్టుకోలేదు. పొద్దున నడిచాడు, సాయంత్రం తిన్నాడు, పడుకున్నాడు. నేను పందిరి ముందు అటూ ఇటూ తిరిగాను. పోయేవాళ్ళు నాకు మొక్కుబడి ఉందనుకున్నారు.

తనిఖీ

దొర గుర్రం మీద వచ్చాడు. వెనక వెట్టి కావళ్ళు వచ్చాయి. ఒక కావడిలో అతని స్ప్రింగు కూడా ఉంది. మోసేవాళ్ళలో ఒకడు జోగా పినతండ్రి కొడుకు. వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకుని చూపు తిప్పుకున్నారు.

మిగతా గార్డుల పరీక్ష తాను లేనప్పుడే అయిపోయిందంటే దొర ఒప్పుకున్నాడు. జోగాను పిలిచాడు. పందిరిని చూశాడు.

"యే క్యా హై? సర్కారీ రాయికి పూజ ఎవరు చేశారు?"

నాకాలో ఉన్నవాళ్ళంతా నన్ను చూడకుండా ఉండడానికి చాలా కష్టపడ్డారు.

"హుజూర్, బొట్టు నాది. కోడి వాళ్ళది," అన్నాను.

"ఎత్తుతాడా, ఎత్తడా? ఎత్తకపోతే బిళ్ళ విప్పమను."

జోగా చెయ్యి బెల్టు మీదికి పోయింది. విప్పడానికే పోయిందని నాకిప్పటికీ అనుమానం. వాకిలి అవతల భీమయ్య ఎడమచేత్తో కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. నేను వడ్డె కాళ్ళ దగ్గర కూర్చున్నంత పనిచేసి, "తాతా, ఏదైనా దారి చూడు," అన్నాను.

ఎర్రయ్య తాత తొందరపడలేదు. చాటలో బియ్యపు గింజలు పోసి, జతలు జతలుగా జరుపుతూ ఏదో గొణిగాడు. దొర గడియారం చూసుకున్నాడు. చివరికి తాత తల ఎత్తి అన్నాడు: "లేపొచ్చు. దేవుడే లేపుమంటాండు. గని లేపి మళ్ళ గీడనే పడేస్తనంటే ఊకోడు. లేపితే తన జాగకు తీస్కపోవాలె. వాగు అవతల ఇప్పచెట్టు కింద."

దొరకు నేను హిందీలో చెప్పాను. అతను భుజాలెగరేసి, "ముందు ఎత్తమను," అన్నాడు.

డప్పు ఎవరు తెచ్చారో తెలియదు, మోత మొదలైంది. జోగా రాయి ముందు కూర్చోలేదు. కాళ్ళు ఎడం చేసి నిలబడ్డాడు, నేను చెప్పినట్టే. వేళ్ళు కిందికి జొనిపాడు, నేను చెప్పినట్టే. మోకాలు దాటింది. తొడ దగ్గర ఆగింది, ఎప్పటిలాగే. నా గుండె కూడా అక్కడే ఆగింది. అతను రాయిని కడుపుకు హత్తుకుని, పెద్దగా ఒక ఊపిరి వదిలి, నేను చెప్పని ఏదో చేశాడు. రాయి రొమ్ము మీదికి వచ్చింది. అక్కడినుంచి కుడిభుజం మీదికి పోయింది. భుజం మీదికి వెళ్ళాక అది ఇక అతని రాజ్యం.

అంతటితో పరీక్ష అయిపోయింది. కాని ఎవరూ దించమనలేదు. జోగా నడిచాడు. వెనక డప్పు, దాని వెనక ఊరు, దాని వెనక నేను. ఏం జరుగుతోందో అంతుపట్టక గుర్రం దిగిన దొర కూడా. వాగులో నీళ్ళు మోకాలిదాకా ఉన్నాయి. అవతలి గట్టు ఎక్కేటప్పుడు జోగా కాలు ఒకసారి జారింది. ఉంగి "ఓయమ్మా" అని నోరు మూసుకుంది. మళ్ళీ నిలదొక్కుకున్నాడు. ఇప్పచెట్టు కింద, మోకాళ్ళు వంచి, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు దించాడు.

ఎట్లా ఎత్తాడని నన్ను చాలామంది అడిగారు. నేర్పింది నేను కాబట్టి నా గొప్పే అనుకుందామంటే, నేను నేర్పినన్నాళ్ళూ తొడ దాటలేదు. చేపలూ పప్పూ అనుకుందామా? ముట్టుకోకుండా ఉన్న రోజుల్లో ఒళ్ళు తేరుకుందా? భయమా, దేవుడా, డప్పా? తర్వాత ఎన్నో నాకాల్లో ఎందరికో ఎత్తడం నేర్పాను. ముందు కొన్ని రోజులు విశ్రాంతి ఇచ్చి చూశాను, కొందరు ఎత్తారు, కొందరు పడుకోవడం బాగా నేర్చుకున్నారు. విశ్రాంతి ఇవ్వండని మీకు గట్టిగా చెబుతాను. ఎందుకని అడిగితే ఇంత గట్టిగా చెప్పలేను.

భుజం

దొర సంతోషం పట్టలేకపోయాడు. జోగా వీపు తట్టాడు. "షాబాష్! ఇటువంటి భుజం నాకాలో వృథా. మాస్టర్, రేపటి నుంచి నా క్యాంపు సామాను వీడే మోస్తాడు. పెద్దపెట్టె వీడికే ఇవ్వండి."

డప్పు ఆగిపోయింది. జోగా ముఖంలో చెమట అట్లాగే ఉంది, రంగు పోయింది. ఎత్తలేకపోతే దేనికి పోవాలో, ఎత్తాక దానికే పొమ్మంటున్నారు. నేను నోరు తెరిచాను. ఏమనాలో తెలియక తెరిచిన నోటిని ఆవులింతగా మార్చాను. నా ఉద్యోగంలో నేను సిగ్గుపడిన ఆవులింత అది.

జోగా తలెత్తి, మెల్లగా అన్నాడు:

"మోసేటోన్నే దొరా. గని ఇప్పుడు మోయరాదు. దేవుణ్ణి మోసిన భుజం మీద ఇంకేది పెట్టగూడదు. పెడితే ఊరికి కీడు."

దొర నావైపు చూశాడు. నేను వడ్డెవైపు చూశాను. ఎర్రయ్య తాత కళ్ళు మూసుకుని, గొంతు సవరించుకుని, బరువుగా తలూపాడు.

"ఔ. పెట్టగూడదు."

"ఎన్నాళ్ళు?" అన్నాడు దొర.

"భుజం ఉన్నన్నాళ్ళు."

ఊరంతా కదలకుండా నిలబడి ఉంది. దేవర సంగతుల్లో చెయ్యి పెట్టి ఊళ్ళను రెచ్చగొట్టవద్దని పైనుంచి తాకీదులు ఉండేవి. దొర వాగువైపు చూశాడు, తన కావళ్ళవైపు చూశాడు, చివరికి టోపీ సర్దుకున్నాడు. "ఠీక్ హై. బిళ్ళ ఉంచుకో. అడవి డ్యూటీ చేసుకో," అని గుర్రం వైపు నడిచాడు.

ఉంగి వచ్చి జోగా భుజం మీది మట్టిని కొంగుతో తుడిచింది. భీమయ్య ఎడమచేత్తో కొడుకు కుడిభుజాన్ని తడిమి చూసి ముందు నడిచాడు.

జనం చెదిరాక నేను ఎర్రయ్య తాత పక్కన చేరాను. దోర్ల ఆచారాలు కొన్నైనా తెలుసునని నాకో నమ్మకం ఉండేది.

"తాతా, ఇన్నాళ్ళుగా ఇక్కడ ఉన్నాను. దేవుణ్ణి మోసినవాడు ఇంకేమీ మోయకూడదన్న కట్టడి నేనెప్పుడూ వినలేదు. ఎప్పటినుంచి ఉంది?"

"ఇయ్యాల్టి సంది," అన్నాడు తాత, చాటలో మిగిలిన గింజలు ఏరుకుంటూ. "నీ రాయి మాత్రం ఎప్పటి సంది దేవుడు?"